అడిలైడ్ దారిలో సూడిదల పళ్ళు

మా అత్తగారు ఆస్ట్రేలియా వచ్చింది మమ్మల్ని చూడటానికి కాదు. ఆ సంగతి ఆవిడ విమానాశ్రయంలో ట్రాలీ తోస్తూనే చెప్పేశారు. అడిలైడ్‌లో ఉన్న మా ఆడపడుచు శిరీషకి ఏడో నెల. రెండేళ్ళ క్రితం మొదటి కడుపు నిలవలేదు. అప్పుడు ఆవిడ వీసా వచ్చేసరికే అంతా అయిపోయింది, సర్దుకున్న పెట్టెలు మళ్ళీ విప్పుకున్నారు. ఈసారి తన చేత్తో కూతురికి సూడిదలు పెట్టి, చలిమిడి తినిపించి, ఒడి నింపాలని తెనాలి దగ్గర పల్లె నుంచి ఒంటరిగా రెండు విమానాలు మారి వచ్చారు. మధ్యలో మా ఇల్లు ఒక మజిలీ, అంతే. మెల్‌బోర్న్‌కి ఉత్తరాన క్రెయిగీబర్న్‌లో ఉండే మా కొడుకు కోడళ్ళ దగ్గర దిగాను అని ఫోన్‌లో చుట్టాలకి చెప్తుంటే, ఏదో సత్రం పేరు చెప్పినట్టే వినిపించేది నాకు.

ఇంటికి పెద్దవాళ్ళు వస్తున్నారని సంబరపడే వాళ్ళకి ముందుగా ఒక మాట. రెండు వారాలు బాగానే గడుస్తాయి. మూడో వారం నుంచి వంటగది మీది కాదు. పప్పు డబ్బా ఉన్నచోట ఉప్పు, ఉప్పు ఉన్నచోట మాత్రలు. రీసైక్లింగ్‌కి పెట్టిన పసుపు మూత చెత్తబుట్టలో అరటి తొక్కలు వేశారని చెప్తే, చెత్తకి కులాలేమిటమ్మాయ్ అన్నారు. మధ్యాహ్నం వీధిలో మనిషి కనపడటం లేదని కంగారుపడి, ఊళ్ళో ఎవరైనా పోయారా అని అడిగారు. నేను ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకుంటూ మీటింగులో ఉంటే, వెనక నుంచి వచ్చి నా నోట్లో జంతిక పెట్టి వెళ్ళారు. కెమెరా ఆన్‌లోనే ఉంది.

శనివారం సాయంత్రం ఆరింటికి శిరీష ఇంట్లో వేడుక. నలుగురికీ విమానం టికెట్లు ఆరేడు వందల డాలర్లు దాటుతున్నాయి, కారులో అయితే పెట్రోలు ఒకవైపు నూట ఇరవై లోపు. అమ్మకి దారంతా చూపిద్దాం అన్నారు మా ఆయన శ్రీధర్. ఏడువందల పై చిలుకు కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే తొమ్మిది గంటలు. అడిలైడ్ గడియారం మనకంటే అరగంట వెనక కాబట్టి ఆ అరగంట కలిసొస్తుంది. నేను చెప్పింది ఒక్కటే. విక్టోరియా నుంచి సౌత్ ఆస్ట్రేలియాలోకి తాజా పళ్ళు, కాయలు తీసుకెళ్ళకూడదు. పండు ఈగ అంటుకుంటే అక్కడి తోటలు పోతాయి, పట్టుబడితే వందల్లో జరిమానా. పళ్ళు అడిలైడ్‌లో కొందాం అత్తయ్యా అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ సరే అన్నారు. ఆవిడ సరే అంటే వినపడింది అని అర్థమే తప్ప ఒప్పుకున్నట్టు కాదని, పెళ్ళయిన పన్నెండేళ్ళకి కూడా నాకు బుర్రకెక్కలేదు.

శనివారం పొద్దున ఐదింటికి బయల్దేరాల్సిన వాళ్ళం ఏడింటికి బయల్దేరాం. చలిమిడి డబ్బా ఎటు పెట్టాలన్న దాని మీద అరగంట పోయింది. డిక్కీ తనే సర్దుతానని, అత్తగారు నన్ను దగ్గరికి రానివ్వలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రింగ్ రోడ్ మీంచి వెస్టర్న్ హైవే ఎక్కితే ఇక తిరుగుడే ఉండదు. బాలరాట్, అరరాట్, హోర్షమ్, అంతా ఒకటే రోడ్డు. కొత్తవాళ్ళు బాలరాట్ దాటాక నిద్ర రాకుండా చూసుకోండి, పొలాలు తప్ప ఏమీ ఉండవు. అత్తగారికి మాత్రం ఆ పొలాలే నచ్చాయి. ఇంత నేల వదిలేసి మీరు అగ్గిపెట్టెలాంటి ఇంట్లో ఎందుకున్నారని హోర్షమ్ దాకా అడుగుతూనే ఉన్నారు.

హోర్షమ్‌లో నది ఒడ్డున పార్కు బాగుంటుంది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. అక్కడ పులిహోర, పెరుగన్నం తిన్నాం. తర్వాత డింబూలా దాటాక హైవే పక్కనే గులాబీ రంగు ఉప్పు చెరువు వస్తుంది. ప్రవేశ రుసుము లేదు, పది నిమిషాలు ఆగితే చాలు. అత్తగారు దూరం నుంచే చూసి, ఎవరో రంగు కలిపి ఉంటారు పదండి అన్నారు. తిరిగి కారెక్కినప్పుడు వెనక సీట్లో ఉన్న మా అమ్మాయి అన్వి ముక్కు మూసుకుంది. "మామ్, ద హోల్ కార్ స్మెల్స్ లైక్ గ్వావా" అంది. నేను వెనక్కి తిరిగి అత్తగారి వంక చూశాను. ఆవిడ కిటికీలోంచి పొలాలు చూస్తున్నారు, మహా శ్రద్ధగా.

సరిహద్దుకి ముందు వచ్చే ఆఖరి చిన్న ఊరు కనీవా. అక్కడ లారీలు, కార్ల వెనక తగిలించుకునే క్యారవాన్లు ఆగే చోట కారు ఆపించి డిక్కీ తెరిచాను. చలిమిడి డబ్బా కింద దుప్పటి, దుప్పటి కింద పట్టుచీర, పట్టుచీర కింద రెండు గోనె సంచులు. అరటి గెలలో సగం, దానిమ్మలు, నారింజలు, ఆపిల్ పళ్ళు, జామకాయలు. ఐదు రకాలు, ఊరికి పెట్టేటన్ని. క్రెయిగీబర్న్‌లో మన ఇండియన్ కొట్టు ఆయనతో చెప్పి, నాకు తెలియకుండా తెప్పించుకున్నారు. మా ఆయన మెల్లగా, ఎప్పుడో గానీ చెక్ చెయ్యరులే, వెళ్ళిపోదాం అన్నారు. తల్లీ కొడుకులిద్దరూ ఒక్కటే అని నాకు కోపం నషాళానికి అంటింది. మన పౌరసత్వం దరఖాస్తు నడుస్తుండగా, జామకాయల కోసం అబద్ధం ఆడతారా అని అడిగాను. సరిహద్దు దగ్గర చెత్త డబ్బాలు వస్తాయి, వాటిలో వేసి వెళ్దాం అన్నాను.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. శుక్రవారం సాయంత్రం గుడికి తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళాను. అర్చన సామాను అనుకున్నాను గానీ, ఆవిడ వెంట తెచ్చిన సంచుల్లో ఉన్నవి ఈ పళ్ళేనట. అమ్మవారి ముందు పెట్టించి, శిరీష పేరు చెప్పించారు. ప్రసాదం చెత్తబుట్టలో ఎలా వేస్తాం? నిజానికి నేనూ వెయ్యలేను. నాకు దేవుడి పట్టింపు తక్కువే, అయినా చెయ్యి రాదు. ఆవిడ లారీల పక్కన ఉన్న బల్ల మీద కూర్చుండిపోయారు.

"పోయినసారి దాని ఒళ్ళో ఏం పడిందమ్మాయ్? ఒక్క కాయన్నా పడిందా? ఈసారి నా చేత్తో నింపుదావని తెచ్చుకున్నా" అన్నారు. ఏడవలేదు. సంచి మూతి విప్పుతూ, ముడేస్తూ కూర్చున్నారు.

నాకు జాలి వేసింది, కానీ కోపం పోలేదు. రెండూ ఒకేసారి ఉంటాయని అత్తగార్లున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. పారెయ్యొద్దు, పంచుదాం, ప్రసాదం పంచితే తప్పు లేదుగా అన్నాను. ఆవిడ సంచి పట్టుకుని లేచారు. కూతురి కోసం తెచ్చినవి ముక్కూ ముఖం తెలియని వాళ్ళకి పెట్టడానికి చెయ్యి సాగక, మొదటి అరటిపండు రెండుసార్లు సంచిలోంచి తీసి రెండుసార్లు లోపల పెట్టేశారు. మూడోసారి పక్క క్యారవాన్‌లోని ముసలి దంపతులకి ఇచ్చారు. వాళ్ళు అప్పుడే తమ టమాటాలు అక్కడి చెత్తబుట్టలో పారేసి వచ్చారట, నవ్వి అక్కడే ఒలుచుకు తిన్నారు. నీలం బనీను వేసుకున్న లారీ డ్రైవరు జామకాయ అటూ ఇటూ తిప్పి ఇదేమిటని అడిగాడు. మా ఆడపడుచుకి పాప పుట్టబోతోంది, దేవత దగ్గర పెట్టిన పండు, సరిహద్దు దాటకుండా ఇక్కడే తినెయ్యాలి అని చెప్పాను. అతను టోపీ తీసి, "గుడ్ లక్ టు ద బబ్" అని కొరికాడు. ఆ మాటకి అర్థం చెప్పమని అత్తగారు నన్ను అడిగారు. పాపకి అంతా మంచే జరగాలన్నాడని చెప్పాను. అతనికి ఇంకో రెండు ఇచ్చారు. తర్వాత ఆగిన ప్రతి బండి దగ్గరికీ తనే వెళ్ళి అరటిపళ్ళు, ఆపిల్ పళ్ళు అన్నీ పంచేశారు.

మిగిలినవి మేమే తిన్నాం. తొమ్మిది గంటల ప్రయాణం మధ్యలో, పులిహోర మీద, నాలుగు నారింజలు, రెండు దానిమ్మలు, లెక్కలేనన్ని జామకాయలు. అన్వి ఐ యామ్ డన్ అని కారులోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అక్కడే దాదాపు రెండు గంటలు పోయాయి.

ఇక సరిహద్దు. ఒక బోర్డు, ఒక చెత్త డబ్బా. ఆ రోజు అక్కడ ఒక్క అధికారి లేడు, ఆపిన వాడు లేడు. కారు నూటపది వేగంతో అలా దాటిపోయింది. అత్తగారు నా వైపు తిరిగి ఒక చూపు చూశారు. తిట్టినా బాగుండేది. దాటగానే వచ్చే బోర్డర్‌టౌన్‌లో పళ్ళు కొందాం అన్నాను. ఇప్పటికే ఆలస్యమైంది, అడిలైడ్‌లో దొరకవా అన్నారు మా ఆయన. తల ఊపాను. ఆ ప్రయాణంలో ఆయన మాట విన్నది అదొక్కసారే, అదే కొంప ముంచింది. కీత్, టైలెమ్ బెండ్, మర్రే బ్రిడ్జ్ దాటి, కొండ దిగి అడిలైడ్ చేరేసరికి అక్కడి టైము ఐదున్నర. మెల్‌బోర్న్‌లో రాత్రి దాకా కొట్లు చూసి అలవాటైన మాకు, ఇక్కడ శనివారం ఐదింటికే పెద్ద సూపర్ మార్కెట్లు మూసేస్తారని తెలియదు. రెండు చోట్ల తాళాలు చూశాం. చిన్న కొట్లు తెరిచే ఉంటాయట, అది తర్వాత తెలిసింది. ఆరింటికి శిరీష గుమ్మంలో దిగాం. నిండు చూలాలి దగ్గరికి పండు లేకుండా వచ్చానని అత్తగారు కారు దిగనన్నారు. బతిమాలి దింపాం.

లోపల పదిహేను మంది చుట్టాలు స్నేహితులు, పీట మీద శిరీష, పక్కన బల్ల మీద పెద్ద ఇత్తడి పళ్ళెం నిండా పళ్ళు. అమ్మ ఏం తెస్తుందో, అది ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలుసు వదినా, అందుకే పొద్దున్నే కొని ఉంచాను అంది శిరీష నా చెవిలో. ఐదేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్న పిల్ల. నేను హమ్మయ్య అనుకున్నాను. అత్తగారు అనుకోలేదు. పళ్ళెం వైపు చూసి అక్కడే నిలబడిపోయారు.

"నువ్వు కొనుక్కున్న పళ్ళు నీ ఒళ్ళోనే పోసుకుంటావా? పుట్టింటోళ్ళు లేరనుకున్నావా?" అన్నారు.

శిరీష మొహం చిన్నబోయింది. ఇంతమందీ మమ్మల్నే చూస్తున్నారు. నా నడుం పట్టేసింది, ఓపిక అయిపోయింది. ఆ పళ్ళెం ఎత్తుకుని బయటికి నడిచాను. మా ఆయన ఎక్కడికి అని అడిగినా ఆగలేదు. కారు డిక్కీ తీసి, పళ్ళెం లోపల పెట్టి, మూత వేసి, గుమ్మంలోకి తిరిగొచ్చాను.

"అత్తయ్యా, మీ అమ్మాయికి తెచ్చిన పళ్ళు డిక్కీలోనే మర్చిపోయారు" అన్నాను.

ఆవిడ నా వంక చూశారు. తర్వాత కొంగు బిగించి దోపుకుని, మెట్లు దిగి, డిక్కీ తానే తెరిచారు. మా ఆయన సాయం పట్టబోతే వద్దన్నారు. అంత బరువు రెండు చేతుల మీదా మోసుకుంటూ, ఎదురొచ్చిన వాళ్ళని తప్పుకోమంటూ, కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చారు. కూతురి ముందు కూర్చుని ఒక్కో పండూ ఒళ్ళో పెట్టారు. ప్రతి పండుకీ ఒకటే మాట, "ఇది నిలబడాలి తల్లీ." పైకి వినపడేలా కాదు, పక్కనున్న నాకు వినపడింది. ఆఖరికి ఒళ్ళో చోటు చాలక ఒక నారింజ కింద పడితే, శిరీష రెండు చేతులూ కొంగు చుట్టూ వేసి, మిగతావి పడకుండా గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

ఈ ప్రయాణంలో మేము చూసిన వింతలు పెద్దగా లేవు, ఫోటోలు కూడా సరిగ్గా రాలేదు. అత్తగారు నాకు కృతజ్ఞతలు చెప్పలేదు, మర్నాడు పొద్దున్నే కాఫీలో పంచదార ఎక్కువైందన్నారు. పళ్ళు దాచినందుకు నాకు ఇంకా కోపమే, మళ్ళీ దాచితే మళ్ళీ అరుస్తాను. కాకపోతే రెండేళ్ళ క్రితం విప్పేసిన పెట్టెల్లో ఆవిడ ఏమేమి సర్దుకున్నారో నేను ఎప్పుడూ అడగలేదు. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళకి ఏమి చూపించాలా అని నేను జాబితాలు వేస్తుంటే, ఆవిడ అంత దూరం నుంచి ఒక్క పని మీద వచ్చి, ఆ పని అయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు.

మీరూ పెద్దవాళ్ళతో ఈ దారిన వెళ్తుంటే ఒకటే సలహా. రూల్స్ ఎప్పటికప్పుడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకుని, పళ్ళు సరిహద్దు దాటాక బోర్డర్‌టౌన్‌లోనే కొనండి, రసీదు దగ్గర పెట్టుకోండి. కొనేది మీరే అయినా, సంచి మాత్రం పెద్దవాళ్ళ చేతికి ఇవ్వండి.