చివరి డబ్బా రాని సినిమా

మా పిన్నికి పెళ్ళయినప్పుడు మెడలో రెండు పుస్తెలతో పాటు ఇంకో బిళ్ళ కూడా పడింది. మినప్పప్పు బద్దంత బంగారు బిళ్ళ. అది చనిపోయిన మొదటి భార్య పేరిట రెండో భార్య వేసుకోవాల్సింది. పైనున్న పెద్దావిడకి కోపం రాకుండా అన్నమాట. బరువుంటుందా పిన్నీ అంటే, "ఈ మేడంత ఉంటుందిరా" అనేది. నేను గోరంతని కొండంత చేసి చెప్పే మనిషినని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఈ మాట మాత్రం నాది కాదు, పిన్నిదే.

పిన్ని అత్తవారిది రేపల్లె. ఆ మేడ స్తంభాలు ఎంత లావంటే, ఒకదాని చాటున దాక్కున్న అల్లుడు మూడు రోజుల దాకా మామగారికి దొరకలేదని చెబుతుంటాను. హాల్లో గుమ్మానికి ఎదురుగా మొదటావిడ ఫొటో. మనం ఎటు వెళితే ఆ కళ్ళు అటు తిరుగుతాయి. ఏడాదికోసారి ఆవిడ పోయిన తిథికి చీరాల నుంచి పచ్చ చీర తెచ్చి ఫొటో ముందు పెట్టేవారు. పచ్చంటే ఆవిడకి ఇష్టమట. తలంటు పోసుకుని ఆ చీర కట్టుకుని పిన్ని ఆ పూట భోజనం చెయ్యాలి. ఆకులో మెతుకు మిగలకూడదు. ఆమె తింటే ఆవిడ తిన్నట్టు. ఆ కాసేపూ ఇంట్లో అందరూ పిన్నికి దండం పెట్టేవారు. మిగతా ఏడాదంతా పని చెప్పేవారు.

ఆవిడ ఎలా పోయింది? "నూతిలో పడింది." అంతే. అత్తగారిని అడిగినా అంతే, పొరుగువాళ్ళని అడిగినా అంతే. మా బాబాయిని ఎవరూ అడగలేదు. పిన్ని మూడేళ్ళుగా ఆ నూతిలోనే నీళ్ళు తోడుతోంది.

"కాలు జారిందో, తనే దూకిందో, ఇంకేమన్నా జరిగిందో తెలిస్తే చాలురా," అంది ఒకసారి తెనాలిలో మా ఇంటికి వచ్చినప్పుడు. "తెలిస్తే ఉండాలో పోవాలో నేనే చూసుకుంటా. తెలియకుండా ఆ తాడు పట్టుకోలేకపోతున్నా."

అది అరవైల్లో మాట. నేనప్పుడు బాపట్లలో చదువుతున్నాను. చదువుతున్నానని మా నాన్న అనుకునేవాడు. నా ఇంగ్లీషు ఎంత గొప్పదంటే, ఇంగ్లండు నుంచి దొర వచ్చి విన్నా తన భాష మీద అనుమానం పుట్టి మళ్ళీ బడిలో చేరేవాడు. తెనాలిలో ఆ ఆదివారం ఉదయం ఆటకి నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా వేస్తున్నారు. పెద్ద బంగళా, భార్య పోయిన జమీందారు, అతన్ని చేసుకుని ఆ ఇంటికి వచ్చిన పేద పిల్ల. ఆ సినిమాకి మూలమైన నవల మా కాలేజీ లైబ్రరీలో ఉండేది. నేను చూసింది అట్ట మీది బొమ్మ ఒక్కటే. పిన్నితో మాత్రం, "రెండుసార్లు చదివాను. నీకు మాట మాటా చెబుతాను పద," అన్నాను.

హాల్లో మూడొందల మంది. ఇంగ్లీషు వచ్చినాయన ముందు వరసలో కూర్చున్న ప్లీడరు గారొక్కరే. ఆయన నవ్వితే హాలంతా నవ్వేది. ఆయన దగ్గితే కూడా కొందరు నవ్వారు. తెర మీద ఆ పిల్ల కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కుతోంది. గోడ మీద మొదటి భార్య పటం, నిలువెత్తున. ఆవిడ మేడ మీది కిటికీలోంచి పడి చనిపోయిందట. పిన్ని నా మణికట్టు పట్టుకుంది.

"ఒరే, ఆ పటానికి కుంకుమ పెట్టలేదేంట్రా వాళ్ళు?"

"వాళ్ళకి ఆ ఆనవాయితీ లేదు పిన్నీ."

"అందుకే ఆవిడ ఇల్లొదిలి పోవట్లేదు."

ఇంకా ఏమనేదో గానీ, ఆ పిల్ల మూసిన గది తలుపు మీద చెయ్యి వేయగానే బొమ్మ ఆగిపోయింది. లైట్లు వేశారు. మేనేజరు తెర ముందుకొచ్చి చేతులు జోడించాడు. "చివరి రీలున్న డబ్బా బాపట్లలో ఉండిపోయిందండి. బండికి ఎక్కించలేదంట. కథ తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పుకోండి, దయచేసి."

జనం ప్లీడరు గారి మీద పడ్డారు. పిన్ని నావైపు తిరిగింది.

కాలవ గట్టు మీద నడుస్తుంటే అడిగింది. "చెప్పరా. నువ్వు రెండుసార్లు చదివావుగా. ఆవిడ ఎట్లా చచ్చిపోయింది?"

తెలియదంటే పోయేది. కానీ తెలియదనడం నా జన్మలో అప్పటికింకా మొదలుపెట్టలేదు. "మొగుడే తోశాడు పిన్నీ," అన్నాను. "కొత్త పెళ్ళాం పోయిన ఆవిడ గౌను తొడుక్కుని, చుట్టాలందరి ముందూ నిలబడి సూటిగా అడిగింది. అతను గడగడలాడిపోయి ఒప్పేసుకున్నాడు." పైన ఉరుములూ మెరుపులూ కూడా చేర్చాను. బంగళా కూలింది కూడా.

పిన్ని నవ్వలేదు. వారం తర్వాత నేనే ఆమెని రేపల్లె దింపాను. ఆ పాసింజరు బండి నడకకి పక్క చేలో గేదె కూడా జాలిపడి ఆగి చూసేది. దారిలో ఒక్కసారే మాట్లాడింది. "అందరి ముందూ అడిగిందా ఆ పిల్ల?"

"అందరి ముందూనే."

ఆ మర్నాడే చీర పెట్టే రోజు. మిట్టమధ్యాహ్నం. పేరంటానికి డెబ్బై మంది వచ్చారని నేను చెబుతుంటాను. ఏడుగురే. పిన్ని పచ్చ చీర కట్టుకుని, తడి జుట్టు వీపు మీద వదిలి, రూపాయంత బొట్టు పెట్టుకుని హాల్లోకి వచ్చింది. పీట వేసి ఉంది, ఆకులో వడ్డన అయింది. పిన్ని కూర్చోలేదు. నేరుగా బాబాయి ముందుకెళ్ళి నిలబడింది.

"ఆ రోజు నూతి దగ్గర ఏం జరిగింది?"

అత్తగారు పళ్ళెం వదిలేసి, "వచ్చిందమ్మా, మా తల్లి వచ్చింది! కర్పూరం తేండే!" అని చేతులు జోడించింది. పేరంటాళ్ళు ఒక్కొక్కరే వంగారు. నాకప్పుడు అర్థమైంది నేనేం చేశానో. ఆ చీరలో ఉన్న మనిషి ప్రశ్న వేస్తే, ఆ ఇంట్లో ఎవరికీ అది పిన్ని ప్రశ్నలా వినపడదు.

బాబాయి పిన్ని ముఖం చూడలేదు. చీర కుచ్చెళ్ళు చూస్తూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఏమే, బొక్కెన అనుకున్నానే," అన్నాడు. "వసారాలో పేపరు చూస్తున్నా. చప్పుడు వినపడింది. తాడు తెగి బొక్కెన పడిందనుకున్నా. తర్వాత పాతాళగరిగె వేసి తీద్దాంలే అనుకున్నా."

పాతాళగరిగె అంటే నూతిలో పడ్డ బొక్కెనల్ని పైకి లాగే ఇనప కొక్కేల గుత్తి. ఆ ఇంట్లో అది వసారా దూలానికే వేలాడుతూ ఉండేది.

"పేపరంతా చదివానే. మొత్తం చదివి, మడిచిపెట్టి, అప్పుడు లేచొచ్చా."

పిన్ని 'నేనండీ' అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. ఆయన ఏడుపు అయ్యేదాకా నిలబడి, వెళ్ళి పీట మీద కూర్చుని, ఆకులో మెతుకు మిగలకుండా తింది. అంత నెమ్మదిగా అన్నం తినే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

సాయంత్రం నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది. "నువ్వు చెప్పినట్టు తోసెయ్యలేదురా," అంది. "తోసినా బాగుండేది. కోపం తెచ్చుకుని మీ ఇంటికి వచ్చేసేదాన్ని. ఇప్పుడెక్కడికి పోను? మూడేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను ఏమే అని పిలవలేదు మనిషి. ఇవాళ పిలిచాడు, ఆవిణ్ణి."

పదేళ్ళు గడిచాయి. నాకు బాపట్లలోనే ఉద్యోగం వచ్చింది. ఒక ఆదివారం అదే సినిమా మళ్ళీ వేస్తే వెళ్ళాను. ఈసారి అన్ని డబ్బాలూ ఉన్నాయి. చివరి డబ్బాలో ఆ పిల్ల ఎవరినీ ఏమీ అడగదు. గౌనూ తొడుక్కోదు. మూసిన గదిలో పాత ఉత్తరం ఒకటి దొరుకుతుంది, కిటికీ చెక్క పుచ్చిపోయి విరిగిందని తెలుస్తుంది, ఇద్దరూ తోటలో నడుస్తారు. అంతే. ఉరుము ఒక్కటి కూడా లేదు.

నిజం చెప్పేద్దామని రేపల్లె వెళ్ళాను. నూతి మీద నాపరాయి పరిచేశారు, పక్కన చేతి పంపు. పిన్ని వంటింట్లో కింద కూర్చుని కాఫీ కలుపుతోంది. జుట్టులో తెల్లదనం వచ్చింది, మెడలో బిళ్ళ అలాగే ఉంది.

"పిన్నీ, ఆ సినిమా లేదూ, మనం తెనాలిలో చూసింది..." అని మొదలుపెట్టాను.

ఆమె చేతిలోంచి స్టీలు గ్లాసు జారి గచ్చు మీద పడింది. ఆ మోత ఆగకముందే వసారాలోంచి అడుగుల చప్పుడు. బాబాయి పరుగెత్తుకొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చెప్పులు లేవు, కండువా జారిపోయింది, రొప్పుతున్నాడు. నన్ను చూడలేదు. పిన్నినే చూస్తున్నాడు.

"గ్లాసండీ," అంది పిన్ని.

ఆయన ఇంకాసేపు చూసి, వంగి గ్లాసు తీసి ఆమె పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

"ఏది పడినా అంతేరా," అంది పిన్ని. "మొన్న పిల్లి మూత తోస్తే స్నానం చేస్తున్న మనిషి చేస్తున్నట్టే వచ్చేశారు. ఇంతకీ ఏదో సినిమా అన్నావు?"

"ఏం లేదు పిన్నీ. మళ్ళీ ఆడుతోంది."

కాఫీ తాగుతూ వంటింటి చుట్టూ చూశాను. గోడకి మూడు అరల అలమర ఉంది. ఖాళీ. గిన్నెలూ చెంబులూ డబ్బాలూ, ఆ ఇంట్లో ఉన్నవన్నీ, గోడ వారగా నేల మీదే పెట్టి ఉన్నాయి.