ఒక్కో గోలీ డాక్టర్ అనని మాట

ఆ రోజుల్లో ఒక పెద్దాయన నన్ను సూటిగా ఒక ప్రశ్న అడిగారు. "లేదు సార్" అంటే సరిపోయేది. ఆ రెండు మాటలు నా నోట్లోంచి బయటికి రావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. ఈలోగా నాకు పెళ్లయింది, జుట్టు పలచబడింది, బీపీ కూడా వచ్చింది. (ఇది చదవడం పూర్తయ్యేసరికి, రావలసినవాడికే వచ్చిందని మీరే అంటారు.) అప్పుడు మింగేసిన మాటను ఇప్పుడైనా ఉన్నదున్నట్టు చెప్పేద్దామని ఇది రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఒక మందుల కంపెనీలో మెడికల్ రెప్‌ని. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ నా ఏరియా. రెప్ ఉద్యోగంలో సగం డాక్టరు గది బయట కూర్చోవడమే. పేషెంట్లందరూ అయిపోయాక గానీ మాకు పిలుపు రాదు. మిగతా రెప్‌లకు ఆ ఎదురుచూపు విసుగు, నాకు వరం. పైన ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే గోడ మీద గుండె పటంలోని ఎర్ర గొట్టాలు, నీలం గొట్టాలు నదుల్లా కనబడేవి. వాటి ఒడ్డున నడుచుకుంటూ ఎక్కడికో వెళ్లిపోయేవాణ్ని. "ఓ రెప్ అన్నా, నిన్నే! నిద్రవోనీకి వచ్చినవా?" అని కాంపౌండర్ అరిస్తే తప్ప వెనక్కి వచ్చేవాణ్ని కాదు.

ఒక వానాకాలం మా ఏరియా మేనేజర్ నా చేతిలో ఇరవై ఫారాలు పెట్టాడు. బీపీకి రెండు మందులు కలిపిన మాత్ర రాయడం మీద డాక్టర్ల అభిప్రాయం కావాలట. ప్రశ్న కింద నాలుగు గీతలు, ఆ కింద సంతకానికి చోటు. "మన కొత్త గోలీ రెండు మందులు కలిపిందే. జర యాదిల పెట్టుకొని రాయించు" అని కన్ను కొట్టాడు. మా వృత్తిలో అప్పట్లో ఒక అలవాటుండేది: డాక్టరుకు తీరిక ఉండదు కాబట్టి ముందు ఖాళీ ఫారం మీద సంతకం తీసుకోవడం, ఆయన నోటితో చెప్పింది తర్వాత మనం నింపడం. నమ్మకం మీద నడిచే పని.

అభిప్రాయాలకేం, రకరకాలుగా దొరికాయి. నారాయణగూడ డాక్టరు తల ఎత్తకుండానే చెప్పాడు. "రెండు గోలీలు రాస్తే మావోళ్లు ఒకటే కొంటరు. అగ్గువది కొని, ఇంకోటి దుకాణంల లేదంటరు. గదే ఒక్క గోలీల రెండు మందులుంటే తప్పించుకోలేరు గద! రాసుకో, మంచిదే." చిక్కడపల్లి డాక్టరు నా వంక చూసి, "ముందు ఆ టై వదులు చేసుకోవయ్యా, నీకే బీపీ వచ్చేటట్టున్నది" అన్నాడు. అభిప్రాయం అంతే. దాన్ని నాలుగు గీతలకు సాగదీయడానికి నేను చాలా కష్టపడ్డాను.

ఇక అశోక్‌నగర్ పెద్దాయన. పేషెంట్లు ఆయనకు పెట్టుకున్న పేరు ఒక్కో గోలీ డాక్టర్. సంతకం చేసి ఇచ్చి, కుర్చీ చూపించి, అరగంట చెప్పారు. "చూడు బాబూ, నేను కలిపిన గోలీకి దుష్మన్‌ను కాదు. కానీ మొదటిరోజే రెండు మందులు కలిపి ఇచ్చిననుకో. వారానికి పేషెంట్ కాళ్లు వాసినయని వస్తడు. ఏ మందుకు వాసినయో ఎట్ల తెలుస్తది? అందుకే ముందుగాల ఒకటి ఇస్త. చూస్త. సాలకపోతే రెండోది ఇస్త. రెండూ ఒంటికి పడినయని తెలిసినంక, అప్పుడు కలిపిన గోలీ రాస్త, మరిచిపోకుంట వేసుకుంటడని. బీపీ మరీ ఎక్కువున్నోనికి మొదలే రెండు ఇవ్వాల్సొస్తది, అది వేరే సంగతి. గోలీని కాదు బాబూ, మనిషిని చూడాలె." బయట సన్నగా వాన. ఆ గొంతు వింటుంటే ఆ గదిలోనే కాపురం పెట్టాలనిపించింది.

మర్నాడు చిక్కడపల్లి లైబ్రరీలో, సర్కారు కొలువుల కోసం చదువుకునే పిల్లల మధ్య కూర్చుని ఫారాలు నింపాను. ఇరవైలో నేను నిజంగా మాట్లాడించింది అయిదుగురినే. మిగతా పదిహేను సంతకాల పైనా కలలు కంటూ రాశాను. ఒక డాక్టరుకు కోపం ఇచ్చాను, ఒకరికి వేదాంతం ఇచ్చాను. (ఆ పిల్లలు పరీక్షలకు ఎంత శ్రద్ధగా రాసుకుంటున్నారో నేను అబద్ధాలు అంత శ్రద్ధగా రాశాను.) పెద్దాయన ఫారం దగ్గర మాత్రం పెన్ను ఆగింది. అరగంట మాట నాలుగు గీతల్లో పట్టదు. పైగా అది మేనేజర్‌కు పనికొచ్చే మాట కాదు. చివరికి ఇలా రాశాను: "మొదటిరోజు నుంచే కలిపిన మాత్ర ఇస్తాను. ఎదురుచూడటం నా పద్ధతి కాదు."

రెండు నెలలకు కంపెనీ ఆ వాక్యాన్ని నున్నటి రంగుల కార్డు మీద అచ్చేసింది, కింద పెద్దాయన సంతకంతో సహా. వేరే ఊరి డాక్టరు మిత్రుడొకాయన అది చూసి ఆశ్చర్యపోయి ఈయనకు పంపాడు. నేను గదిలోకి వెళ్లేసరికి కార్డు టేబుల్ మీద ఉంది.

"బాబూ, ఇది నేను అన్ననా?"

చెప్పానుగా, "లేదు సార్" అంటే సరిపోయేది. ఉద్యోగం పోతుందని భయం వేసింది. "అన్నరు సార్" అన్నాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, సంతకం మీద వేలు ఆనించారు. "సంతకమైతే నాదే" అన్నారు. తర్వాత, నాతో కాదన్నట్టుగా, "మా నాయినకు గూడ మతిమరుపు గిట్లనే మొదలైంది" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఒక నోట్‌బుక్ పెట్టారు. ప్రతి పేషెంటుకూ తాను చెప్పిన మాట అందులో రాసుకుని, తిరిగి చదివి, సరిగ్గా ఉందా అని అడిగేవారు. "సార్, మీరు చెప్పింది సరిగున్నదని నేనెట్ల చెప్పాలె? నేను పండ్లమ్ముకునేదాన్ని" అని ఒకామె నవ్వితే గది బయట మేమందరం నవ్వాం. నేనూ నవ్వాను. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఏడాది తిరక్కుండానే ఆయన క్లినిక్ మూసేశారు. నేను వేరే ఉద్యోగం చూసుకున్నాను.

మొన్న వానాకాలం నాకు తల తిరిగితే నారాయణగూడలో ఒక కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్లాను. రెండుసార్లు కొలిచి, "బాగ ఎక్కువున్నది. రోజుకొకటి వేసుకోండి అంకుల్, దీంట్లనే రెండు మందులున్నయి" అని చీటీ రాశాడు. (బీపీ కన్నా ఆ అంకుల్ ఎక్కువ బాధపెట్టింది.) "కాళ్లు వాస్తే ఏ మందు వల్లనో ఎట్ల తెలుస్తది?" అన్నాను, నా ప్రమేయం లేకుండానే. అతను కలం ఆపి చూశాడు. "మంచి ప్రశ్న. మీకెవరు చెప్పిన్రు?" చీటీ తీసుకుని బయటికి వచ్చి ఆటో ఎక్కి అశోక్‌నగర్ అన్నాను.

పెద్దాయన ఉన్నారు. ఎనభై దాటాయి, చూపు అదే. ముందుగదిలో కూర్చోబెట్టారు. నేను మొదటి నుంచి చివరిదాకా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన లోపలికి కేకేశారు. "ఏమోయ్, ఇటు రా! నాకు మతిమరుపు లేదంట!"

ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "లేకపోవుడేంది? ఇన్నేండ్ల సంది కూరగాయలు తెమ్మంటే 'మరిచిపోయిన, మా నాయిన రోగం' అంటిరి గద?"

"అది వేరే" అన్నారాయన గబుక్కున.

"ఏం వేరే? మా అన్న ఇంట్ల పెండ్లికి గూడ 'మరిచిపోయిన' అంటిరి!"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఆయన కళ్లు ఒత్తుకుంటున్నారు. "క్లినిక్ నా వల్లనే మూసిన్రా సార్?" అని అడిగాను.

"సగం నీ వల్ల, సగం మోకాళ్ల వల్ల" అన్నారు. మోకాళ్లను ఎందుకు కలిపారో నాకు తెలుసు, అది నా మీద దయ. తర్వాత గొంతు తగ్గించారు. "పొద్దున లేవంగనే మా మనుమరాలి పేరు మనసుల ఒకసారి అనుకునేటోన్ని. యాదికున్నదా లేదా అని. రోజూ." ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఈ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది.

"నువ్వు గడబిడ గడబిడ చెప్పినవ్ బాబూ. మీ మేడమ్ గూడ ఉన్నది, ఇప్పుడు మెల్లగ చెప్పు" అన్నారు.

నలభై నాలుగేళ్ల మనిషిని, పాఠం ఒప్పజెప్పే పిల్లాడిలా లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ క్షణంలో నన్ను నేను చూసుకుంటే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"ఆ మాట మీరు అనలేదు సార్. మీరు అరగంట మంచిగ చెప్పిన్రు, నేను వేరే రాసిన. అడిగినప్పుడు గూడ అబద్ధమే చెప్పిన. మీ యాది ఎన్నడూ తప్పలేదు, తప్పింది నేనే. నన్ను క్షమించండి."