ముట్లుడిగిన రెండేళ్లకు సంగారెడ్డి ప్రయాణం

డిసెంబరు నెల, పొద్దున ఏడు గంటలు. కాజీపల్లి రోడ్డు మీద అందరూ స్వెట్టర్లు వేసుకుని, మఫ్లర్లు చుట్టుకుని కంపెనీ బస్సుల కోసం నిలబడి ఉంటే, నేనొక్కదాన్నే కొంగుతో విసురుకుంటూ షేర్ ఆటో కోసం చూస్తున్నాను. నాకు యాభై ఒకటి. ఇక్కడే ఒక మాత్రల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్ని. ముట్లుడిగి రెండేళ్లయింది. ఒంట్లోంచి తన్నుకొచ్చే ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఇంట్లో కనిపించిన ప్రతి ఒక్కరి మీదా విరుచుకుపడటం భరించలేక నెలన్నర కిందట హార్మోన్ మందు మొదలుపెట్టాను. పొద్దున చేతికి రాసుకునే జెల్ ఒకటి, రాత్రి పడుకునే ముందు మింగే గోలీ ఒకటి. ఆవిర్లు తగ్గకపోగా కడుపు ఉబ్బింది, రొమ్ములు సలపడం మొదలైంది, తల దిమ్ముగా ఉంటోంది. ఇవన్నీ ఓర్చుకున్నాను. పోయిన శుక్రవారం మాత్రం లంగా మీద ఎర్రటి మరక కనిపించింది.

ఒకసారి ఆగాక మళ్ళీ కనిపిస్తే ఏమవుతుందో మా చిన్నమ్మ విషయంలో చూసినదాన్ని. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి జబ్బు గర్భసంచి దాటిపోయింది. అది చూశాక నేనేం చేయాలి? వెంటనే ఇంట్లో చెప్పాలి. నేనేం చేశాను? నాలుగు రోజులు నోరు మూసుకుని, అయిదో రోజున బీపీ చూపించుకుంటానని అబద్ధమాడి బయల్దేరాను. అంత తెలివి నాది.

"బీపీకి సంగారెడ్డి దాకా ఎందుకు? ఈడ చూడరా?" అన్నాడు మా ఆయన.

"ఆడ పెద్ద మిషన్ ఉన్నదట," అన్నాను. బీపీకి పెద్ద మిషన్ ఏముంటుందో నాకూ తెలియదు.

ఏడూ పదికి ఆటో దొరికింది. వెనక సీట్లో నలుగురం, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు. అమీన్‌పూర్ మీదుగా పోయే దారిలో కొత్త అపార్టుమెంట్లవాళ్ళు గేటుకొకటి చొప్పున స్పీడ్ బ్రేకర్లు పోసుకున్నారు. మామూలు రోజుల్లో అవి ఉన్నాయన్న సంగతే నాకు తెలియదు. ఆ రోజు ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. దూరం నుంచే ఒక్కోదాన్ని చూసి, రెండు చేతులూ ఎదకు అడ్డంగా కట్టుకుని, పళ్ళు బిగించి కూర్చునేదాన్ని.

పక్కనున్నామె జాలిపడింది. "ఏమక్కా, అంత చలి పెడ్తుందా?"

"మస్తు చలి," అన్నాను, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ. ఆమె నన్ను కాసేపు చూసి, జరిగి కూర్చుంది.

ఎనిమిదింటికి పటాన్‌చెరు. బస్టాండు దగ్గర రెండు ఇడ్లీలు తీసుకుని ఒకటే తినగలిగాను. కడుపులో అంతకు మించి జాగా లేదు. ఎనిమిదీ ఇరవైకి సంగారెడ్డి బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే సున్నా టికెట్టు తీసుకుని, కిటికీ పక్కన కూర్చున్నాను. కూర్చోగానే ఆవిరి ఎత్తింది. మెడ నుంచి చెవుల దాకా భగ్గుమంది. కిటికీ అద్దం పూర్తిగా తోసేశాను. పక్కన హత్నూరకు పోతున్న ఒక ముసలాయన, తలకు తువ్వాలు, దాని మీద ఉన్ని టోపీ, వణుకుతున్నాడు.

"బిడ్డా, జెర అద్దం మూయరాదు? పానం పోతుంది."

"పెద్దయ్యా, నాకు ఉడుకపోస్తుంది."

"గీ చలిల ఉడుకపోసుడేంది? నీకు జొరమొచ్చినట్టున్నది. దవాఖానకు పో."

"ఆడికే పోతున్న," అన్నాను. అది విన్నాక ఆయన ఇక అద్దం మాట ఎత్తలేదు. టోపీ చెవుల మీదికి లాక్కుని ఇస్నాపూర్ దాకా ఓర్చుకున్నాడు. ఇస్నాపూర్ దగ్గర ఆవిరి దిగిపోయి నాకే వణుకు పట్టుకుంది. ఇద్దరం కలిసి అద్దం మూశాం. రుద్రారం దగ్గర మళ్ళీ తెరిచాను. ఆయన లేచి వెనక సీట్లోకి వెళ్ళిపోయాడు.

రోడ్డు పనుల వల్ల సంగారెడ్డి చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. ఆస్పత్రి కొత్త బస్టాండు నుంచి పది నిమిషాల నడక. చీటీ రాయించుకుంటే, ముందు స్కానింగ్ చేయించుకోమన్నారు. దానికి ఒంటేలు నిండుగా ఉండాలట. లీటరు నీళ్ళు తాగి కూర్చున్నాను. పది నిమిషాలకోసారి నర్సమ్మ దగ్గరికి పోయి "నిండింది" అంటే, ఆమె నా మొహం చూసి "ఇంకా కాలే, కూసో" అనేది. చివరికి నేను గోడ పట్టుకుని నిలబడి ఉండటం చూసి తనే పిలిచింది. లోపల చల్లటి జిగురు పొట్ట మీద పూసి అటూ ఇటూ తిప్పుతున్నంతసేపూ నేను ఆ స్కానింగ్ చేసే ఆమె మొహమే చూస్తూ ఉన్నాను. ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు. చిన్నమ్మ కళ్ళ ముందు మెదిలింది. ఇంట్లో చెప్పకుండా వచ్చానే, ఏదైనా ఉంటే ఈ మాట ముందు ఎవరితో అనాలి అనుకున్నాను.

పదకొండున్నరకు డాక్టరమ్మ పిలిచింది. కోస్తావైపు మనిషి, ఇక్కడే పెరిగిందట. రిపోర్టు చూసి, "గర్భసంచి లోపలి పొర పలచగానే ఉందండీ. భయపడాల్సిందేమీ కనిపించలేదు," అంది. నేను కుర్చీలో చతికిలబడ్డాను.

"మరి ఎందుకు కనిపించింది మేడం? ఆవిర్లు గూడ తగ్గలే."

"జెల్ రోజూ రాస్తున్నారా?"

"ఒక్క రోజు తప్పలే. పొద్దున అయిదున్నరకు, మోచేతి దాకా."

"రాశాక ఏం చేస్తారు?"

"డ్యూటీకి పోత. ఆరింటికి లోపలికి పోవాలె కద, చేతులు కడుగుత."

"ఎలా?"

ఎలా అని నన్ను అడిగింది! మా కంపెనీలో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ చేతులు కడగడం నేర్పేది నేనే, పద్నాలుగేళ్లుగా. లేచి నిలబడి చేసి చూపించాను. ముందు నీళ్ళు, తర్వాత సబ్బు, అరచెయ్యి, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు, అక్కడి నుంచి మోచేతి దాకా రుద్ది రుద్ది కడిగి, ఆరబెట్టి, ఆపైన స్పిరిట్టు కొట్టాలి. లోపలికి వచ్చే వాళ్ళెవరి చేతికీ క్రీము గానీ నూనె గానీ ఉండకూడదు. కొబ్బరినూనె వాసన వస్తే గేటు దగ్గరే వెనక్కి పంపిస్తాను అని కూడా గర్వంగా చెప్పాను.

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అంటే మందు రాసుకున్న అరగంటకే కడిగేసి, పైన స్పిరిట్టు కొడుతున్నారు."

నేను అలాగే మోచేతులు పైకెత్తుకుని నిలబడిపోయాను. నెలన్నరగా నా మందంతా కాజీపల్లి కాలువలో పోయింది. సెలవు రోజున మాత్రం ఒంటికి పడుతోంది, మర్నాడు మళ్ళీ కాలువకే. రాత్రి గోలీ ఒకటే రోజూ సరిగ్గా లోపలికి పోతోంది. ఇలా ఎగుడుదిగుడుగా అందడం వల్లే మరక కనిపించి ఉంటుందంది. ఇకమీదట డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తొడకు రాసుకుని గంట దాకా నీళ్ళు తగలనివ్వొద్దంది. రొమ్ముల సలుపు మెల్లగా తగ్గుతుందట, కొన్ని నెలలయ్యాక కూడా మరక కనిపిస్తే మళ్ళీ రావాలట. ఎదుటివాళ్ళ చేతికి నూనె ఉంటే పసిగట్టేదాన్ని, నా చేతికున్నది మందన్న ధీమాతో క్రీముల లెక్కలో వేయనే లేదు. నా మొద్దుతనానికి మురిసిపోవాలో ఏడవాలో తెలియలేదు.

పన్నెండూ నలభైకి తిరుగు బస్సు. సగం ఖాళీగా ఉంది. కండక్టరమ్మకు నలభై అయిదు, యాభై ఏళ్ళుంటాయేమో, టికెట్లన్నీ కొట్టి ముందుకు పోయింది. కంది ఊరు దాటాక మా ఆయనకు ఫోన్ చేశాను.

"బీపీ ఎంతున్నదట?" అన్నాడు.

"బీపీకి పోలే. అబద్ధం చెప్పిన. ముట్లు మల్ల కనవడ్డయ్, అందుకు పోయిన."

"ఏంది? ఇనవడ్తలేదు. గట్టిగ చెప్పు."

గట్టిగానే చెప్పాను. "గర్భసంచి చూపించుకోనికి పోయిన! క్యాన్సర్ లేదట! మందు కడుక్కున్నందుకు అట్లయిందట!"

బస్సులో అందరూ నా వైపు తిరిగారు. "ఒక్కదానివే పోయినవానే?" అన్నాడు ఆయన. దాంతో నాకు ఏడుపు ఆగలేదు. సిగ్గు ఎలాగూ పోయిందని కొంగు అడ్డం పెట్టుకుని బాగానే ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని చూస్తే కండక్టరమ్మ నా పక్క సీట్లో కూర్చుని ఉంది.

"ఏ దవాఖాన అక్కా?"

ఆమెకూ ఆవిర్లేమో అనుకుని, చేతులు కడిగిన కథంతా నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. టికెట్ల మిషన్ వైపు చూస్తూ, "నాకు ఆగి మూడేండ్లాయె. దసరా నుంచి అప్పుడొకసారి ఇప్పుడొకసారి కనవడ్తుంది," అంది.

"ఏం మందు వాడుతున్నవు?"

"ఏం మందు లేదు."

నా నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. "నీది నా లెక్క కాదు చెల్లె. జల్దీ చూపించాలె. ఇంట్ల చెప్పినవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఇది చదివి ఈ దారిలో నా వెనక రాబోయేవాళ్ళకు బస్సుల వేళలు చెప్పాను, స్పీడ్ బ్రేకర్ల సంగతి చెప్పాను. చెప్పాల్సిన అసలు మాట ఇప్పుడు చెబుతున్నాను. ఒక్కరే పోకండి.

"నీకు సెలవు ఎప్పుడు?"

"ఎల్లుండి."

"ఎనిమిదింటికి పటాన్‌చెరు బస్టాండ్ల ఉంటా. ఇద్దరం పోదాం."

"పక్కా వస్తవా అక్కా?"

"పక్కా."

ఆమె లేవలేదు. రుద్రారంలో ఎక్కినవాళ్ళు చేతుల్లో ఆధార్ కార్డులు పట్టుకుని ఆమె కోసం చూస్తున్నారు.