దేవవ్వ పాటకు సాంచెలు ఆపిన సాయంత్రం

సిరిసిల్ల నేతకారుడు అంబదాస్ ఎంత పెద్ద తగువునైనా ఒక్క మాటతో తేల్చేసేవాడు: "రేడియోల చెప్పిండ్రు." నిజాం కాలంలో ఉర్దూ వార్తలు సగం అర్థం కాకపోయినా దొర గడీ గోడకు ఆనుకుని విన్నవాడు. పంచాయతీకి బ్యాటరీ రేడియో వచ్చాక దాన్ని తిప్పే పని తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. రాగితీగను పట్టీలా నేసి ఏరియల్ కట్టాడు. నేత చిక్కగా ఉంటే మాట జారిపోదని అతని సిద్ధాంతం. శుద్ధ తప్పు. కానీ అతనితో వాదించేదెవరు?

1964లో రేడియో వాళ్లు టేపు యంత్రంతో వచ్చి అతని భార్య దేవవ్వ పాట పట్టుకున్నారు. మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఆమె పాడుకునే పాట. మగ్గం చప్పుడు అడ్డమని ఆమెను బడిగదిలో కూర్చోబెట్టారు. అంబదాస్ వెళ్లలేదు, మగ్గం మీద చీర ఉంది. పాట ప్రసారం కాకముందే దేవవ్వ జ్వరంతో పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. మిగిలింది ఆ పాటే.

రేపు సాయంత్రం దేవవ్వ పాట వస్తుందని ఒకనాడు రేడియో ప్రకటించింది. అప్పటికే పంచాయతీ పక్కన ఆమె అన్న లక్ష్మీరాజం సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, పెట్టాడు. ఆ మోతలో రేడియో వినబడేది కాదు.

"బావా, జర సాంచెలు బంద్ పెట్టు. మీ చెల్లె పాటొస్తది," అని అడిగాడు అంబదాస్.

"అది బతికున్నప్పుడు పాడుతుంటె నీ మగ్గం ఒక్కనాడన్న ఆపినవా బావా?" అన్నాడు లక్ష్మీరాజం. అయినా ఆపించాడు.

వాడంతా చేరింది. రేడియో దేవవ్వ పేరు చెప్పింది. పాట మొదలైంది. కూతురు అనసూర్య కొంగు నోట్లో కుక్కుకుంది. అంబదాస్ పెట్టెకు చెవి ఆనించి కాసేపు విని, లేచి నిలబడ్డాడు.

"గిదెవరో. మీ అవ్వ గాదు."

"అవ్వనే బాపు! పేరు సుత చెప్పిండ్రు గద."

"తప్పు చెప్పిండ్రు."

ప్రేమ గొంతును ఇట్టే పోల్చుకుంటుందని చెప్పేవాళ్లు మగ్గం పక్కన కాపురం చేసి చూడాలి. మగ్గం దెబ్బకూ దెబ్బకూ నడుమ వినబడిన ముక్కలే అతనికి దేవవ్వ గొంతు. చప్పుడు తీసేస్తే ఆమె ఎవరో అతనికి తెలియదు.

పాట అయిపోయింది. సాంచెలు మళ్లీ మొదలయ్యాయి.

ఆ తర్వాత అంబదాస్ రేడియో ముట్టలేదు. ఎవరైనా "రేడియోల చెప్పిండ్రు" అంటే "చెప్తరు" అనేవాడు. కొన్నేళ్లకు చేతిమగ్గానికి పని లేక లక్ష్మీరాజం దగ్గరే కూలికి చేరాడు. ఆ సాంచెల మధ్య పక్కనున్నవాడు పాడినా వినబడదు.