చాచాకు ఇచ్చిన దసరా సెలవు

మా ఓపెన్‌కాస్టు గనిలో పండగకు బొగ్గు తియ్యడం ఆగినా, అడుగున ఊరే నీళ్లు ఆగవు. దసరా పగలంతా పంపుల దగ్గర ఒకరు డ్యూటీలో ఉండాల్సిందే. నేను పంపుల సెక్షన్‌కు ఇన్‌చార్జిగా వచ్చేనాటికే ఆ డ్యూటీ ఎవరిదో తేలిపోయి ఉంది. సెక్షనంతా చాచా అని పిలిచే మా ఎలక్ట్రీషియన్, పెద్దాయన, ఏటా తనే వచ్చేవాడు. రంజాన్‌కు మిగతావాళ్లలో ఒకరు ఆయన బదులు చేసేవారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఏ కాగితం మీదా లేదు.

నాకు మండేది అక్కడే. సెలవు కావాలంటే ముందు చాచాను అడిగి, ఆ తర్వాత సంతకానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు. దసరా సాయంత్రం అందరూ పంపుల దగ్గరికి వెళ్లి, జమ్మి ఆకు బంగారమని ఆయన చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకునేవాళ్లు. ఆయన చాచా, నేను మేడం. రెండేళ్లలో ఒక్కరి నోటా అక్కా అన్న మాట రాలేదు.

ఆ ఏడు నేను దసరా డ్యూటీ లిస్టు మార్చాను. ఏ మతం వాళ్లయినా నాకు సమానమే, ప్రతి దసరాకు ఆయనే ఎందుకు రావాలి అన్నాను. పైకి మాట బాగానే ఉంది. కడుపులో ఉన్నది కుళ్లు. మా ఫిట్టరు తల గోక్కున్నాడు.

"గట్లయితే రంజాన్‌కు చాచా ఏం మొహం పెట్టుకొని లీవు అడుగుతడు మేడం?"

నేను వినలేదు. చాచా పేరు కొట్టేసి, ఆ డ్యూటీకి నా పేరే రాసుకున్నాను. జమ్మి పట్టుకుని పంపుల దగ్గరికే కదా వచ్చేది, ఈసారి అక్కడ నేనుంటాను అనుకున్నాను. వచ్చేవాళ్లకని లడ్డూలు కూడా తీసుకెళ్లాను.

ఒక్కరూ రాలేదు. పొద్దుగూకే వేళకు డ్యూటీ దిగి, లడ్డూల డబ్బా పట్టుకుని కాలనీకి వచ్చాను. చాచా క్వార్టరు ముందు ఇన్ని చెప్పులు. సెక్షన్ మొత్తం పిల్లాజెల్లాతో లోపలే ఉంది. నన్ను చూసి ఆయనే గడప దాకా వచ్చి నా చేతిలో జమ్మి పెట్టాడు.

"నీ దగ్గరికే బయల్దేరిన్రు బేటీ. నేనే ఆపిన. డ్యూటీ దిగి ఈ బాటనే వస్తది గద అన్న."

ఆయన అన్నాక, ఒకరి వెనుక ఒకరు లేచి వచ్చి నాకు జమ్మి ఇచ్చారు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ మండింది. నా దగ్గరికి రావాలన్నా, ఆగాలన్నా వాళ్లకు ఆయనే చెప్పాలి.

రంజాన్‌కు ఆయన నోరు తెరిచి అడగకముందే సెలవు రాసి, ఆ డ్యూటీ నేనే చేశాను. ఈసారైనా నన్ను మెచ్చుకుంటారని ఆశపడ్డాను. మర్నాడు ఫిట్టరు చాచాతో అంటుంటే విన్నాను.

"మేడం మంచిగనే మారింది చాచా. అంత నీ తరీకనే, నిన్ను చూసే నేర్సుకుంది."