ఖాళీగా వదిలిన గడి

ఉప్పల్ సర్కారు బడిలో ఆ పిల్లను ఆరో తరగతిలో చేర్చుకున్నది నేనే. పుట్టుకతోనే కుడిచేయి వణికేది. తను ఒక్క వాక్యం రాసేలోగా మిగతావాళ్లు పేజీ తిప్పేసేవారు. అడ్మిషన్ రిజిస్టరులో వైకల్యం గడి దగ్గర నా పెన్ను ఆగింది.

"జర గది రాయకుండ్రి సారూ. రేపు సంబంధాలకు అడ్డమైతది," అంది తల్లి.

వికలాంగుల హక్కుల చట్టం మీద శిక్షణకని వెళ్లి మూడు రోజులు టీ తాగి వచ్చిన మేధావిని కదా, నాకూ అదే దయ అనిపించింది. గడి ఖాళీగా వదిలేసి, నా మనసు పెద్దదని నేనే మెచ్చుకున్నాను.

పదో తరగతికి వచ్చేసరికి పాఠాలన్నీ ఆమెకు నోటికి వచ్చు. తను చెబుతుంటే పరీక్షలో మరో పిల్ల రాసేందుకు అనుమతి అడుగుతూ దరఖాస్తు పట్టుకెళ్లాను. విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా మా రిజిస్టరు నకలు చూసి నవ్వాడు.

"ఇన్నేండ్లు మంచిగున్న చెయ్యి పరీక్షలప్పుడే వణుకుతదా సారూ? సంతకం మీదే గదా!"

దవాఖానా చుట్టూ తిరిగి సర్టిఫికెట్ తెచ్చాం. గడి వదిలేసినవాడి కోసం గడువు ఆగలేదు.

పరీక్ష రోజు నాచారంలో సెంటరు గేటు దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల వేళ్లు నలుపుకుంటూ బయటికొచ్చింది. "అన్నీ ఎర్కనే సార్. సగమే రాసిన."

తల్లి నన్ను తిట్టలేదు. "నా మాట ఇన్నరు, మీదేం తప్పు సారూ," అంది.

విన్నాను, నిజమే. ఆ గడి నింపాలా వద్దా అని, ఆనాడు మా పక్కనే నిలబడ్డ పిల్లను మాత్రం ఇద్దరం అడగలేదు.