మామయ్యకు వచ్చిన కళ్ళకలక

మరిపెడలో ఎవరికి ఏ జబ్బు వచ్చినా అది ఒక్కరితో ఆగదు. రామ్మోహన్‌కు కూడా వస్తుంది. జలుబూ జ్వరమూ అంటుకున్నాయంటే సరే అనుకోవచ్చు. పక్కింటాయన మెట్టు జారి కాలు విరగ్గొట్టుకున్నా ఈయనే ముందు కుంటుతాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు గానీ, జనగామ నుంచి ఆయన ఇంటికి కొత్తగా కోడలై వచ్చిన సౌజన్యకు మాత్రం ఎవరూ చెప్పలేదు, పాపం.

కాపురానికి వచ్చిన కొత్తలో ఓ పొద్దున ఆమె "తల నొస్తుంది అత్తమ్మా" అంది. అంతే! పేపరు చదువుతున్న మామగారు "నాకు సుత! నాకు గూడ నొస్తుంది!" అంటూ నొసటికి తువ్వాల కట్టుకుని మంచమెక్కేశాడు. సౌజన్య తన తలనొప్పి సంగతి మరిచిపోయి, హడావుడిగా ఆయనకు అల్లం చాయ్ పెట్టింది.

"ఆయనకేం కాలే బిడ్డా," అంది అత్తగారు రుక్మిణమ్మ కూర కలుపుతూ. "మీ మామకు రోగాలంటే చుట్టాల లెక్క. ఎవరింటికొచ్చినా మనింటికి పిలుచుకొస్తడు."

ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకుని అందరికంటే ముందు పలకరింపుకు పోయేది ఆయనే. పోయినవాడు ఊరికే కూర్చుంటాడా! ఎరువుల దుకాణం జైపాల్‌కు కడుపునొప్పి వచ్చినప్పుడు చూడాలి.

"ఏడ నొస్తుంది జైపాలూ?"

"గిక్కడనే."

"నాకు సుత గక్కడనే! నీకు గుచ్చినట్టున్నదా, తిప్పినట్టున్నదా?"

"తిప్పినట్టున్నదే."

"నాకు రెండూ!"

కాసేపటికి జైపాల్ లేచి కూర్చున్నాడు, రామ్మోహన్ ఆ మంచం మీద పడుకున్నాడు. తెచ్చిన బత్తాయిలు రోగే ఒలిచి పలకరించవచ్చినాయనకు పెట్టాడు. నవ్వి నవ్వి తన నొప్పి ఎటుపోయిందో జైపాల్‌కే తెలియలేదు. ఇదంతా ఒక ఎత్తు. పాలు పోసే గంగి నీళ్ళోసుకుని, వేవిళ్ళతో అన్నం సయించడం లేదంటే కూడా ఈయన "నాకు సుత" అనబోయాడు. రుక్మిణమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చేసరికి ఊరుకున్నాడు.

ఇట్లా ఉండగా సౌజన్య భర్త వినయ్ అందరికీ కలిపి ఒకే బుకింగ్‌లో కాశీకి విమానం టికెట్లు తీశాడు. అమ్మానాన్నలకూ, తామిద్దరికీ, మేనత్త సరోజనకూ. సరోజన రామ్మోహన్‌కు అక్క, రెండు వీధుల అవతల ఇల్లు. మనసు మంచిదే గానీ నోటికి తలుపు లేదు. విమానమెక్కి కాశీకి పోతున్నానని గడప గడపకూ చెప్పి, బొట్టు పెట్టించుకుని, వీడ్కోలు కూడా తీసేసుకుంది. "మా పేరు మీద ఒక మునక ఎయ్యక్కా" అని అడిగినవాళ్ళందరికీ సరేనంది. అవన్నీ వేయాలంటే ఆమె గంగలోనే కాపురముండాలి.

ఎల్లుండి ప్రయాణమనగా సౌజన్య నిద్రలేచేసరికి కళ్ళు తెరుచుకోలేదు. తెరిస్తే చింతనిప్పులు! వినయ్ ఆమెను మానుకోట దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు చూసి, "కండ్లకలక. తగ్గేదాకా విమానం ఎక్కొద్దు, పక్కోళ్ళకు అంటుతది" అని చుక్కల మందూ సర్టిఫికెట్టూ రాసిచ్చాడు.

వినయ్ అక్కడి నుంచే విమానం కంపెనీకి ఫోన్ చేశాడు. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది. సర్టిఫికెట్ పంపిస్తే రోగికే కాదు, అదే బుకింగ్‌లో ఉన్న అందరికీ తేదీ మారుస్తామంది. సాయంత్రానికల్లా టికెట్లు వచ్చే నెలకు మారిపోయాయి. విమానం వాళ్ళు ఒక్క మాట అనలేదు.

కానీ సరోజన దగ్గర సర్టిఫికెట్లు చెల్లవు కదా! సౌజన్య భయమంతా అదే. గ్యాస్ బండ అయిపోయినా, వినయ్ బండికి పంక్చరైనా సరోజన నోట ఒకటే మాట: "కొత్త కోడలు అడుగుపెట్టిన యాళ్ళ మంచిది గాదు!" ఇప్పుడు ఏకంగా కాశీయాత్రే ఆగింది. ఇక ఆ మాట ముద్రలా పడిపోతుంది, పిల్లల పెళ్ళిళ్ళయినా పోదు. నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో అడుగుపెట్టిన సౌజన్యకు ఏడుపొక్కటే తక్కువ.

మామగారు ఆమె వైపు చూశాడు. "నాకు సుత" అంటాడని ఇల్లంతా ఎదురుచూసింది. ఆయన ఏమీ అనకుండా లేచి తన గదిలోకి పోయాడు.

సౌజన్య లోపలి గదిలో పడుకుందో లేదో, కాశీ ఆగిందన్న కబురంది వచ్చిన సరోజన గొంతు వాకిట్లో లేచింది.

"ఎవలి వల్ల ఆగింది రా నా కాశీ?"

"నా వల్లనే అక్కా," అంటూ రామ్మోహన్ నల్లద్దాలతో బయటికి వచ్చాడు. పక్కింటాయనకు కంటి ఆపరేషన్ అయినప్పుడు తోడుగా తనూ పెట్టుకోవాలని కొనుక్కున్న అద్దాలు అవి. "నిన్ననే నాకు కండ్లకలకొచ్చింది. పాపం, పిల్ల నాకు మందేసి తను సుత అంటించుకున్నది."

"పుట్టి బుద్ధెరిగినకాడికెళ్లి ఊరి రోగాలన్నీ మోసుకొస్తివి! ఆఖరికి నా కాశీకే అడ్డం పడితివా? ఏదీ, అద్దాలు తియ్, చూస్త!"

"తీస్తనే. చూస్తే చాలు అంటుకుంటదంటరు మరి, నీ ఇష్టం." ఆయన అద్దాల మీద చెయ్యి వేశాడు.

సరోజన టక్కున కొంగు మొహాన కప్పుకుని గోడవైపు తిరిగింది. అట్లా గోడకేసి చూస్తూనే తమ్ముడిని కడుపారా తిట్టింది. "అందరికీ పోయొస్తనని చెప్పిన గదరా! ఇగ ఏ మొహం పెట్టుకుని కూరగాయలకు పోవాలె?" తిట్లలో ఏడు తరాలవాళ్ళు వచ్చారు గానీ కోడలి పేరు రాలేదు. పైగా పోతూ పోతూ, "పిల్లా, ఆ మొద్దుకు నువ్వు మందెయ్యకు. జర పైలం బిడ్డా!" అంది.

లోపల ఇదంతా విన్న సౌజన్య మంచం దిగింది. మెల్లగా వచ్చి చూస్తే, మామగారు అద్దాలు తీసి చెమట తుడుచుకుంటున్నాడు. కళ్ళు తాటిముంజల్లా తెల్లగా ఉన్నాయి.

"మామయ్యా! మీకేం రాలే!"

"ష్! మెల్లగ బిడ్డా. వంటింట్ల ఉన్న మీ అత్త గూడ నమ్మింది."

"మరి నన్ను చూడంగనే నాకు సుత అనలేదేంది?"

"సుత అంటే ఎట్ల కుదురుతది? నీ తర్వాత నాకొచ్చినట్టయితది. ఈసారి ముందు నాకే రావాలె గదా!"

సౌజన్యకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పుట్టింటివాళ్ళు గుర్తొచ్చారు. ఇది కూడా అట్లాంటి ఇల్లేనని ఆ పూటే అనిపించింది.

రెండు రోజులకు ఆమెకు నెమ్మదించింది. పెరట్లోకి పోతే మామగారు నల్లద్దాలతో మూలకు నిలబడి, తువ్వాలతో బుగ్గలు తుడుచుకుంటున్నాడు. అద్దాల కింది నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"మామయ్యా, ఇప్పుడు నిజంగనే వచ్చింది గదా? నా నుంచే!"

"నాకా?" రామ్మోహన్ ఉలిక్కిపడ్డాడు. "నాకేం లేదు!"

పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

"మరి గా నీళ్ళేంది?"

"ఉల్లిగడ్డ కోసిన బిడ్డా."

"ఆయననా? ఉల్లిగడ్డలు ఏ బుట్టల ఉంటయో అడుగు!" అని వంటింట్లోంచి రుక్మిణమ్మ కేక వేసింది.

సౌజన్య కుర్చీ లాక్కొచ్చి, ఆయనను కూర్చోబెట్టి, చుక్కల మందు మూత తీసింది.

"నాకేం లేదంటే వినవేంది?" అంటూనే ఆయన బుద్ధిగా తల వెనక్కి వాల్చి, నోరు బార్లా తెరిచాడు.

"నోరు కాదు మామయ్యా, కండ్లు!"